రాణిగంజ్‌ల ఒక మూతి

పంపుసెట్ల దుకాణాల నడుమ ఇరుకిరుకు మెట్లు,
పైన సోఫాలు కడిగే మిషన్లమ్మే దుకాణం.
ఎక్కంగనే సేఠు ఇలియాస్ దిక్కు చూసి
"క్యా హోనా భాయ్?" అన్నడు.
ఇలియాస్ నా దిక్కు చూసిండు.
మిషన్ మోసేది వాడు, గుంజేది నేను.

చేతుల పట్టే పనిముట్టును మేం మూతి అంటం.
పాత మూతికి పెదవి పగిలింది.
మొన్న కొండాపూర్‌ల, తొమ్మిదో అంతస్తుల,
తెల్ల లినెన్ సోఫా మీద ఒక్క దారం లేపింది.
ఇంటామె చూసింది, ఏమనలే.
తిడితే అక్కడికక్కడ తీరిపోవు.
ఆ దారం లిఫ్టు దిగేదాంక
నా గొంతుల అడ్డంపడి ఉండె.

సేఠు బల్ల మీద మూడు మూతులు పెట్టిండు.
మొదటిది స్టీలు. "జిందగీ భర్ చలేగా."
నిజమే, అది బతుకంత నడుస్తది,
నా మణికట్టు నడవదు.
పొద్దుగాల ఏడు సీట్లు, పగటీలి పన్నెండు,
ఎన్నిసార్లు గుంజిన్నో లెక్క నాకు తెల్వదు.
రాత్రి రొట్టె పిండి పిసికేటప్పుడు
చెయ్యే చెప్తది.

రెండోది ప్లాస్టిక్, ఈకంత తేలిక.
నీళ్ళు బయటికి చిమ్మి, తర్వాత తాపీగ పీలుస్తది.
తివాచీకైతే చెల్లు.
మఖ్మల్ సీట్ల ఆ నీళ్ళు స్పంజి దాకా దిగితే
మూడోనాడు వాసనొస్తది,
నాలుగోనాడు ఫోనొస్తది.

మూడోది కడుపులనే జల్లి కడుపులనే గుంజుకుంటది.
నెత్తి మీద అగ్గిపెట్టెంత అద్దం.
ఆ అద్దం కోసమే వచ్చిన నేను.
"మా ఇంట్ల మురికేడిది?" అనేటోళ్ళకు
మాట్లాడకుండ చూపెట్టొచ్చు,
ఇరానీ చాయ్ రంగుల పోయే వాళ్ళ సోఫాను.
ఎక్కడ ఆపాలెనో నాకు చెప్పేది గూడ అదే.
నీళ్ళు తేటపడ్డంక ఇంకా రుద్దుడంటే
బట్టను కొట్టుడే.

కానీ పిడి లావు. మీట దూరం.
ఎవని అరచెయ్యి కొలిచి పోసిండ్రో,
నా చూపుడువేలు కొస మాత్రమే అందుతున్నది.
"సబ్ కా ఏక్ హీ సైజ్" అన్నడు సేఠు, మళ్ళ ఇలియాస్‌కే.
"అక్కకు చెప్పు" అన్నడు వాడు,
అప్పటికే నల్లా కింద బకెట్ పెట్టి.

కడిగి చూస్తనన్న.
సేఠు అటిటు చూసి
మూలకు కునుకుతున్న మునీమ్‌ను లేపిండు.
కుర్చీ ఏ రంగో ఎవ్వరికీ గుర్తులేదు.
సీటు మీద ఒక్క జానెడు గుంజిన.
అద్దంల బురద, బురద, ఇంకా బురద,
సన్నగ నురుగు, అటెన్క తేట.
మూతి జరిపితే కింద ఆకుపచ్చ.
సేఠు కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు.

తల ఆనే కాడ కొబ్బరినూనె మచ్చ,
రూపాయి బిళ్ళ లెక్క నల్లగ మెరుస్తున్నది.
చెయ్యి అటు పోంగనే మునీమ్ అడ్డమొచ్చిండు.
"అది ఉండనియ్ బేటీ,
తల ఎక్కడ పెట్టాలెనో నాకు తెల్వాలె గద."

మీట వదిలిన.
నీళ్ళు టక్కున ఆగినయ్.
ఆ మచ్చకు రెండేళ్ళ ఎడంల
ఒక్క చుక్క కారలే.
ఇగ బేరం ఒక్కటే మిగిలింది.

మున్నూరు తగ్గించిండు, టీ తెప్పించిండు.
ఇలియాస్ సంచిలకెల్లి సైకిల్ ట్యూబు ముక్క తీసి
మీటకు నాలుగు చుట్లు చుట్టిండు.
ఇప్పుడు అదే వచ్చి వేలికి ఆనింది.

"బిల్లు ఏ పేరు మీద?"
మునీమ్ నన్నే అడిగిండు.
వనమాల, అని చెప్పిన.
ఆయన మెల్లగ, సున్నాలు చుడుతున్నట్టు రాసిండు.

మెట్ల కాడికి వచ్చినం.
వెనక, మట్టి రంగు కుర్చీల జానెడు పచ్చ,
చూడకుండ ఉండనిస్తలేదు ఎవ్వరిని.
"మిగతాది కడగాలంటే ఎంతమ్మా?" అన్నడు సేఠు.

సీటుకు నూటయాభై, అన్న.
మచ్చకు పైసలు తీసుకోను.